గయలో చెప్పిన పేరు

కిందటి వారం జగన్మోహన్ గారి హాల్లో, టీవీ ముందు అందర్నీ కూర్చోబెట్టి మనం లేచొచ్చేశాం. మళ్ళీ అక్కడికే వెళ్దాం. మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుంటే చాలు. అమెరికాలోని క్యారీలో ఎన్నో ఏళ్ళుగా కాపురం ఉంటున్న అలివేలు, చక్రపాణి దంపతులు తమ స్నేహితులు జగన్మోహన్, సువర్చలతో కలిసి ఈ ఫిబ్రవరిలో మూడు వారాలు ఉత్తరదేశం తిరిగొచ్చారు. జైపూర్, జోధ్‌పూర్ కోటలు, జైసల్మేర్ ఇసుక తిన్నెలు, ఆగ్రా, కాశీ, చివరికి గయ. అలివేలు అంత దూరం వెళ్ళింది కోటలు చూడ్డానికి కాదు. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కొడుకు హర్షవర్ధన్ తిరిగి రావాలని, కనిపించిన ప్రతి దేవుడికీ మొక్కుకోడానికి వెళ్ళింది. మెడిసిన్ చదువు మధ్యలో మానేసి, యూటాలో ఎడారి చూడ్డానికి వచ్చే జనానికి వ్యాన్ నడుపుతానన్నాడు కొడుకు. ఇంక ఈ గడప తొక్కకు, నా వరకు నువ్వు చచ్చినట్టే అన్నాడు తండ్రి. పిల్లవాడు నిజంగానే తొక్కలేదు. అప్పుడప్పుడు తల్లికి మాత్రం ఫోన్ చేసేవాడు. ఏడాదిన్నరగా అదీ ఆగిపోయింది. నంబరు పనిచెయ్యడం లేదని ఆవిడ కంగారు పడితే, వాడి స్నేహితుడెవర్నో కనుక్కున్నాననీ, బాగానే ఉన్నాడట, మాట్లాడే మనసు లేదటనీ చక్రపాణి చెప్పాడు. ఆవిడ నమ్మింది. మీరే ఒక్కసారి ఎలాగో వాడితో మాట్లాడి రమ్మనండి, మీ నోటితో రమ్మంటే వస్తాడని ఆయన్ని అడగడం మాత్రం మానలేదు.

ఇప్పుడు జగన్మోహన్ టీవీ మీద యాత్ర ఫోటోలన్నీ అయిపోయి, గయ వీడియో మొదలయ్యే వేళకి చక్రపాణి లేచి నిలబడ్డాడు. పద అలివేలూ, ఇంటికి పోదాం అన్నాడు. సరిగ్గా అక్కడే ఆగాం.

పోవడానికి అలివేలుకి ఏం తొందర? సువర్చల చేసిన పులిహోర ఇంకా గిన్నెలోనే ఉంది. ఇందాకట్నుంచీ నవ్వి నవ్వి ఆవిడకి కడుపు నొప్పి పుట్టింది. ఒంటె లేవగానే తను కళ్ళు మూసుకుని సువర్చల జడ పట్టుకున్న ఫోటో చూసి నవ్వారు. కాశీలో ఇష్టమైన కాయ వదిలిపెట్టాలి కదా, ఏం వదిలావు వదినా అని సువర్చల అడిగితే, కాకరకాయ అని చెప్పి దొరికిపోయింది. పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ నోట పెట్టని మనిషి కాకరకాయ వదలడమేమిటని అందరూ ఆవిడ మీద పడ్డారు. మిగతా ఊళ్ళన్నీ ఆవిడ కళ్ళారా చూసినవే. గయ ఒక్కటే చూళ్ళేదు. ఆ రోజు జ్వరమూ వాంతులూ పట్టుకుని హోటల్ గదిలో పడుంది, సువర్చల తోడుగా ఉండిపోయింది, మగవాళ్ళిద్దరే వెళ్ళి పెద్దలకి పిండాలు పెట్టొచ్చారు. అందుకే ఆయన పదమంటే ఆవిడ కదల్లేదు. కాసేపు కూర్చోండి, గయ చూడకుండా నేను రానంది.

చక్రపాణి తలనొప్పన్నాడు. టాబ్లెట్ ఇస్తానని సువర్చల లేచింది. వర్షం వచ్చేలా ఉందన్నాడు. కిటికీ అవతల మార్చి ఎండ పేలిపోతోంది. మనలో మాట, ఆ మనిషికి అబద్ధమాడటం చేతకాదు. ఒక్క అబద్ధం మాత్రం నేర్చుకున్నాడు, అది ఇంట్లోనే ఖర్చయిపోయింది.

జగన్మోహన్‌కి ఈ గొడవేమీ పట్టలేదు. రిటైరయ్యాక ఆయనకి ఇల్లంతా ఫోన్‌తో నడిపించడం ఒక సరదా. కోటలు, గుళ్ళు, ఒంటెలు, హోటల్ బిల్లులు, అన్నీ ఏరకుండా ఒకే ఆల్బమ్‌లో వేసి టీవీకి కలిపేశాడు. ఫోన్ తీసుకెళ్ళి వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి, ఇంక మనం ఏమీ నొక్కక్కర్లేదు, దానంతటదే వస్తుంది చూడండి అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గయలో ఆ వీడియో తీసింది కూడా మనుషులెవరూ కాదు. ఫోన్‌ని చిన్న స్టాండుకి తగిలించి, తనకీ చక్రపాణికీ మధ్య నేల మీద పెట్టేశాడు. అప్పుడు తన విస్తరి మీద తను వంగి ఉన్నాడు. పక్కవాడి మాటలు వినలేదు. వచ్చాక ఆ వీడియో తీసి చూసిన పాపాన పోలేదు.

దానంతటదే వచ్చింది.

పెద్ద టీవీ నిండా రాతి నేల. వరసగా విస్తళ్ళు. వెనకాల ఎవరెవరివో మంత్రాలు, గంటలు, పిల్లాడి ఏడుపు. చక్రపాణి పంచె కట్టుకుని, వేలికి దర్భ చుట్టుకుని, పక్కకి తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెలుగు పంతులుగారు. తండ్రి పేరు, తాత పేరు, తల్లి పేరు అడిగి చెప్పిస్తూ ఒక్కొక్క పిండం పెట్టిస్తున్నారు. అలివేలు చేతిలో పులిహోర ప్లేటు పట్టుకునే దణ్ణం పెట్టుకుంది. పెద్దవాళ్ళందరూ అయ్యాక పంతులుగారు, ఇంకా మీకు కావలసినవాళ్ళు ఎవరున్నా చెప్పండి, ఇక్కడ అందరికీ పెట్టొచ్చు అన్నారు. చక్రపాణి మేనమామ పేరు చెప్పాడు. ఆ తరవాత, చిన్నప్పుడే పోయిన అలివేలు తమ్ముడి పేరు చెప్పాడు. తను అడక్కుండానే తన తమ్ముణ్ణి గుర్తుపెట్టుకున్నందుకు అలివేలుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా మంచివాడు అనుకుని పక్కకి తిరిగి చూసింది. ఆయన సోఫాలో లేడు. తలుపు దగ్గర, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

ఇంకెవరైనా ఉన్నారా అని టీవీలో పంతులుగారు అడిగారు.

"హర్షవర్ధన్," అన్నాడు టీవీలో చక్రపాణి.

"ఏమవుతారు?"

"కొడుకు."

పంతులుగారు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, మళ్ళీ మంత్రం అందుకున్నారు.

జగన్మోహన్ కాళ్ళు కింద పెట్టాడు. రిమోట్ తీసుకుని నొక్కాడు, అది ఆగలేదు. ఫోన్ ఆపాలి, ఫోన్ వంటింట్లో ఉంది. ఆయన వంటింట్లోకి పరుగెత్తి, ఏ ప్లగ్గుకి పెట్టాడో వెతుక్కుని, లాగి ఆపేలోపల చక్రపాణి రెండు చేతుల్తో ఆ పిండాన్ని విస్తట్లో పెట్టడం, దాని మీద నువ్వులూ నీళ్ళూ వదలడం, అంతా హాల్లో గోడంత పెద్దదిగా జరిగిపోయింది. సువర్చల లేచి దగ్గరికొచ్చింది. వదినా అని ఒక్క మాట మాత్రం అంది.

అలివేలు ప్లేటు బల్ల మీద పెట్టింది. చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా, వచ్చి కార్లో వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో ఆయన పక్కన కూర్చోబుద్ధి కాలేదు.

ఆవిడకి అర్థమైంది ఒక్కటే. ఆ రోజు గడప దగ్గర కోపంలో అన్న మాటని ఈయన అక్కడికి పోయి నిజం చేసి వచ్చాడు. నా వరకు చచ్చినట్టే అన్నవాడు, శాస్త్రం ప్రకారం పంతులుగారి చేత మంత్రాలు చదివించి మరీ చంపి వచ్చాడు. ఫతేపూర్ సిక్రీలో దర్గా రాతి కిటికీ జాలీకి తను కొడుకు పేర దారం కడుతుంటే, ముడి జారిపోకుండా వేలుపెట్టి పట్టుకున్నది ఈ మనిషే. పుష్కర్‌లో కొబ్బరికాయ కొట్టిచ్చింది ఈయనే. ఇన్ని చేసి, తను జ్వరంతో పడుకున్న రోజు చూసి, పని ముగించుకున్నాడు. పగవాడైనా ఇలా చేస్తాడా?

కారు కదిలింది. పైన్ చెట్ల పుప్పొడి పడి అద్దం పచ్చగా అలుముకుపోయింది. వైపర్లు వేస్తే అది ఇంకా పూసుకుపోయింది. వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆయన ఆపడం మర్చిపోయాడు. ఇండియన్ షాపు మలుపు దగ్గరకొచ్చేసరికి అలివేలు కారాపమంది. ఇల్లు దగ్గరే కదా అని ఆయన గొణిగాడు. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టాలో వద్దో ఇక్కడే తేల్చుకోవాలి, ఆపండి అంది. ఆయన షాపు ముందు పార్కింగ్‌లో, కార్ట్‌లు పెట్టే చోటు పక్కన ఆపాడు.

ఆవిడ చాలా మాటలే అంది. అన్నీ ఇక్కడ రాస్తే ఆవిడకే బాగుండదు. ముప్పైయేళ్ళ కాపురంలో మింగినవన్నీ పైకొచ్చాయి. మీ పరువు మీకు బిడ్డ కంటే ఎక్కువైపోయింది అంది. డాక్టరు కాకపోతే మనిషి కాకుండా పోతాడా అంది. నేను మీతో వచ్చిన పుణ్యక్షేత్రాలన్నీ నాకు శ్మశానాలైపోయాయి అంది. చివరికి గొంతు తగ్గించి, సీటు వెనకనుంచి ముందుకి వంగి అడిగింది.

"బతికున్న బిడ్డకి పిండం పెట్టిన తండ్రిని నేనెక్కడా వినలేదు. ఎలా చేతులొచ్చాయండీ మీకు?"

చక్రపాణి స్టీరింగ్ వదల్లేదు. వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద చెమట మాత్రం ఆవిడకి కనిపిస్తోంది.

"బతికున్నవాడికి పెట్టలేదు అలివేలూ," అన్నాడు.

ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి పోలేదు. ఏమన్నారు అని మళ్ళీ అడగబోయింది. అంతలో కిటికీ మీద టకటకా చప్పుడైంది. తలతిప్పి చూస్తే నీహారిక. ఇద్దరు పిల్లల తల్లి, వాళ్ళ వీధి చివరింట్లోనే ఉంటుంది. నిండా సామాన్లున్న కార్ట్ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నవ్వుతూ అద్దం దించమంటోంది. అలివేలు చెయ్యి దానంతటదే అద్దం దించింది.

"ఆంటీ, మొన్ననే వచ్చారట కదా. మీ ట్రిప్ ఎలా జరిగింది?"

"బాగా జరిగిందమ్మా," అంది అలివేలు.

జైసల్మేర్‌లో టెంట్లలో ఉన్నారట కదా, భయం వెయ్యలేదా అని ఆ అమ్మాయి అడిగింది. లేదమ్మా, బాగుంది అంది. మా అమ్మా వాళ్ళు వచ్చాక వాళ్ళని కూడా పంపిస్తాను, ఆ ట్రావెల్స్ వాళ్ళ నంబరు పెట్టండి ఆంటీ అంది. అలాగే పెడతానమ్మా అంది. తన గొంతు తనకే వినపడుతోంది, మామూలుగానే ఉంది. ఆ అమ్మాయి కార్ట్ తోసుకుంటూ వెళ్ళిపోయి, సంచులన్నీ డిక్కీలో సర్దుకుని, కార్ట్ తెచ్చి మళ్ళీ వీళ్ళ పక్కనే పెట్టి, చెయ్యి ఊపి, కారు తీసేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు. అద్దం పైకి వెళ్ళింది.

అప్పుడు లోపలికి పోయింది ఆ మాట.

అలివేలు ఏడవలేదు. ఏడుపు రావాలంటే ముందు నమ్మాలి. ఎప్పుడు అని అడిగింది, పక్కింటివాళ్ళ సంగతి అడిగినట్టు. ఆయన చెప్పాడు. నీకు గుండె ఆపరేషన్ అయిందే, ఆ సెప్టెంబర్లో. నువ్వు ఐసీయూలో ఉండగా ఆఫీసులో ఆడిట్ అని సువర్చలని నీ దగ్గర కూర్చోబెట్టి వెళ్ళానే, అప్పుడు. ఆడిట్ లేదు. యూటా వెళ్ళాను.

ఆ ఆడిట్ సంగతి అలివేలు మర్చిపోయే రకం కాదు. గుండె కోసిన పెళ్ళాన్ని ఒంటరిగా వదిలేసి ఆఫీసుకి పోయిన మహానుభావుడు అని, గుళ్ళో కనిపించిన వాళ్ళకల్లా చెప్పింది. ఆయన పక్కన నిలబడి ఉండగానే చెప్పింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఎలా అని అడిగింది. వరద అన్నాడు.

ఎడారిలో వరదేమిటి? ఆవిడకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇదంతా ఏదో పొరపాటు, ఎవరో ఈయనకి తప్పు చెప్పారు. జైసల్మేర్‌లో కళ్ళతో చూసొచ్చాను కదా, చుక్క నీరు లేని చోటే కదా ఎడారంటే. ఆ మాటే అంది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. అక్కడి ఎడారి అలా కాదట. ఎర్రటి కొండల మధ్య ఎండిపోయిన వాగులుంటాయట. ఎక్కడో కొండ మీద వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగి రోడ్డెక్కేస్తుందట. వ్యాన్‌ని అడ్డంగా తోసుకుపోయింది. నేనే చూశాను అలివేలూ. మొహానికేం కాలేదు. నిద్రపోయినట్టే ఉన్నాడు.

 అయినా అలివేలు తల్లి కదా, కొడుకు విషయంలో ఆవిడ లెక్కలు ఆవిడకుంటాయి. వాగులూ వానలూ తెలిసినవాడు, ఆ దారులు చూపించడమే పనిగా పెట్టుకున్నవాడు, వాన ముంచుకొస్తుంటే ఎందుకు బయల్దేరాడు? టూరిస్టులెవరైనా ఉన్నారా వ్యాన్‌లో అని అడిగింది. లేరు, ఒక్కడే అన్నాడు. మరి ఎక్కడికి పోతున్నాడు అని అడిగింది.  ఆయన వైపర్ల మీట పట్టుకుని, అప్పుడు ఆపాడు వాటిని.

"ఎక్కడికి పోతున్నాడండీ?"

"ఎయిర్‌పోర్ట్‌కి. నీ దగ్గరికి వస్తున్నాడు."

అలివేలు వేళ్ళు ముందు సీటు గుడ్డని పట్టుకున్నాయి.

"నా ఆపరేషన్ సంగతి వాడికెవరు చెప్పారు? నేను చెప్పలేదు. వద్దనుకున్నాను."

"నేను," అన్నాడు చక్రపాణి. ఇప్పుడు వెనక్కి తిరిగాడు. "నిన్ను లోపలికి తీసుకెళ్ళాక ఫోన్ చేశాను. అమ్మ నిన్ను చూడాలంటోంది, వచ్చెయ్యరా అన్నాను. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. వస్తున్నా నాన్నా అన్నాడు."

ఇన్నేళ్ళూ ఆవిడ అడిగింది అదే. మీ నోటితో ఒక్కసారి రమ్మనండి, వస్తాడు. రమ్మన్నాడు, బయల్దేరాడు. దేవుళ్ళందరి ముందూ మోకరిల్లి అడిగిన వరం, ఆవిడ అడక్కముందే తీరిపోయి ఉంది. ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ తల పట్టుకుని గుండెకి హత్తుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేక, కొంగు నోట్లో కుక్కుకుని, సీట్ల మధ్యకి ఒరిగిపోయి ఏడ్చింది. పగలు, ఎండలో, పదిమంది సామాన్లు మోసుకుంటూ అటూఇటూ తిరుగుతున్న చోట, కారు అద్దాలు బిగించుకుని మొగుడూ పెళ్ళాం ఏడ్చారు. ఆయన ఏడుపు ఆవిడ అంతకుముందెప్పుడూ వినలేదు. మగవాడి ఏడుపు వినడానికి బాగోదు. ఆగి ఆగి, దగ్గులాగా వస్తుంది.

ఏడాదిన్నర దాచారు, దాచడానికి మీరెవరు అని అడిగింది కాస్త తేరుకున్నాక. డాక్టరు వద్దన్నాడని చెప్పాడు. ముందు కుట్లు మానాలనుకున్నాడు, తరవాత దీపావళి వెళ్ళాలనుకున్నాడు, ఆ తరవాత ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. నీకు చెప్తే, నన్ను చూడ్డానికి వస్తూ పోయాడని నిన్ను నువ్వు తిట్టుకుంటావనుకున్నాను, నన్ను తిట్టినా బాగుండును అన్నాడు. స్నేహితుడు చెప్పాడని అబద్ధమాడినప్పుడు నోరెలా వచ్చిందని అడిగింది. రాలేదన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు, అజీర్తి అనుకుని నువ్వు మజ్జిగిచ్చావు అన్నాడు.

ఆ వీడియోలో పిండం పెట్టిన రెండు చేతులూ చూసింది కదా, ఆ చేతులే ఇప్పుడు ఒళ్ళో పడున్నాయి. అలివేలు వాటినే చూస్తూ, అన్నిటికంటే కష్టమైన మాట అడిగింది. అస్థికలేం చేశారంది.

"కాశీలో కలిపాను."

ఎప్పుడు? కాశీలో ఉన్నన్ని రోజులూ ఇద్దరూ ఒక్క నిమిషం విడిగా లేరు. ఆయన చెప్పాడు. హారతి చూడ్డానికి పడవెక్కాం గుర్తుందా? నువ్వు దొప్పల్లో దీపాలు పెట్టి, వాడి పేరు చెప్పి నీళ్ళలో వదులుతున్నావు. జగన్మోహన్ నీ ఫోటోలు తీస్తున్నాడు. నేను పడవ ఇటుపక్కన కూర్చున్నాను. నువ్వు వాడి పేరు చెప్తుండగానే వదిలేశాను. అంతకంటే మంచి వేళ దొరకదనిపించింది. వాడికి తల్లి పిలుపు వినపడుతూ ఉంటుంది కదా అనుకున్నాను.

అంటే ఢిల్లీలో దిగినప్పట్నుంచీ కాశీ దాకా కొడుకు తమతోనే ఉన్నాడన్నమాట. జోధ్‌పూర్ కోట ఎక్కేటప్పుడు, భుజానికి ఆ బ్యాగెందుకు, హోటల్లో పడేసి రావచ్చు కదా, ఆయాసపడుతున్నారు అని తను విసుక్కుంది. ఒంటె మీద కూడా ఆయన ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. రైల్లో అదే బ్యాగుని తను తలకింద పెట్టుకుని ఒక కునుకు తీసింది. ఆయన చూసి, వద్దనలేదు. వాడికి ఎడారంటే ఇష్టం కదా, అందుకే జైసల్మేర్ పెట్టించాను అన్నాడు చక్రపాణి. ఇసుక తిన్నెల మీద ఆయన అందరికీ దూరంగా పోయి కూర్చుంటే, కంట్లో ఇసుక పడిందంటే, తను నమ్మి కొంగుతో తుడిచింది.

"అంతా కలిపేశారా?" అంది అలివేలు. "నా బిడ్డని నేనెత్తుకోవద్దూ? నాకు పిడికెడైనా ఉంచలేదా?"

చక్రపాణి తల అడ్డంగా ఊపాడు. కాదనా, లేదనా, ఆవిడకి తెలీలేదు.

"నా దగ్గరున్నది సగమే అలివేలూ. మిగతా సగం ఆ అమ్మాయి తీసుకుంది."

ఏ అమ్మాయి అని అడిగింది. పేరు నైనిక అన్నాడు. వరంగల్ పిల్లట, అక్కడ ఎంఎస్ చదువుకోడానికి వచ్చింది. ఆస్పత్రిలో తనకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు, తనూ ఏమీ అడగలేదు. అన్నీ అయ్యాక, అంకుల్, సగం నాకివ్వండి అంది. ఇచ్చాడు. విమానం ఎక్కే ముందు ఆ అమ్మాయి ఇంకో మాట అంది. ఆంటీకి చెప్పకుండా నాకు ఫోన్ చెయ్యకండి అంకుల్, చెప్పిన రోజు చెయ్యండి, ఎప్పుడైనా తీస్తాను అంది. అందుకే ఇన్నాళ్ళూ చెయ్యలేదన్నాడు.

అలివేలు చెయ్యి చాపింది. ఆయన ఆ చేతివంకా, ఆవిడ మొహంవంకా చూశాడు. ఇవాళ వద్దు, ఇంటికెళ్ళి కాస్త పడుకుని, రేపు చేద్దామన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చక్రపాణి ఫోన్‌లో నంబరు వెతికి, నొక్కి, ఆవిడ అరచేతిలో పెట్టాడు.

అలివేలుకి ఏం అడగాలో తెలీదు. నా కొడుకు నీకేమవుతాడని అడగాలా? వాడు ఏం తినేవాడు, ఎలా నవ్వేవాడు, నా గురించి ఎప్పుడైనా చెప్పాడా అని అడగాలా? కోపం రావాలా, దండం పెట్టాలా? అవతల రెండోసారి మోగేలోపలే ఎవరో ఎత్తారు. ముందు ఊపిరి వినపడింది. తరవాత చాలా మెల్లగా, ఎన్నాళ్ళనుంచో ఆ ఒక్క ప్రశ్నే దగ్గర పెట్టుకున్న గొంతు.

"చెప్పిన్రా అంకుల్?"

అలివేలు పెదాలు కదిలాయి.  ఫోన్‌ని రెండు చేతుల్తో చెవికి అదుముకుంది.

"అంకుల్ కాదమ్మా," అంది చివరికి. "నేను హర్షా వాళ్ళమ్మని."

అటువైపు మాట లేదు. పెట్టేసిందేమోనని అలివేలు భయపడింది. పెట్టెయ్యలేదు. ఆ నిశ్శబ్దంలో, ఫోన్‌కి చాలా దగ్గరగా, ఒళ్ళో ఉన్న చంటిబిడ్డ ఒకటి రాగం తీసింది. అలివేలు మనసులోనే నెలలు లెక్కపెట్టింది. ముందు సీట్లోంచి చక్రపాణి ఏమైంది, ఏమంటోంది అని సైగ చేస్తున్నాడు. ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది, ఈ సంగతి ఆయనకి కూడా తెలీదు.

"ఒక్క నిమిషం ఆంటీ," అంది ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ. "ఫోన్ పెట్టెయ్యకుండ్రి. వీణ్ణి కింద దించి వస్త."